సందెవేళ పిల్లల్ని చూడు, అమ్మడూ

అమ్మడూ,

అంగన్‌వాడీ టీచరుగా నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచీ నా మనసు మీ ఊరి చుట్టూనే తిరుగుతోంది. రిజిస్టర్లు ఎలా రాయాలో, బాలామృతం ఎలా పంచాలో, పిల్లల బరువు ఎలా తూయాలో నీకు శిక్షణలో చెప్పే ఉంటారు. వాటి జోలికి నేను పోను. పిల్లల వార్డులో నర్సుగా చేసి, తర్వాత నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కనుక, ఒక్క సంగతి మాత్రం నీకు వివరంగా రాయాలనిపించింది. ఆర్నెల్లకోసారి మీ ఊరికి ఏఎన్‌ఎమ్ తెచ్చే విటమిన్ ఎ సిరప్ సంగతి. "మా పిల్ల బాగానే ఉందిగా, దీనికెందుకమ్మా మందు?" అని అడిగే తల్లులు నీకు తప్పకుండా ఎదురవుతారు. వాళ్లకి జవాబు చెప్పాలంటే ఆ చెంచాడు మందు ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో ముందు నీకు తెలియాలి. తెలిసి చెప్పే మాటకీ, కాగితంలో ఉందని చెప్పే మాటకీ తేడాని తల్లులు ఇట్టే పట్టేస్తారు.

ముందు ఒక మాట మనసులో గట్టిగా పెట్టుకో. చూపు ఖర్చవుతుంది. మనం కళ్లు తెరిచి చూస్తున్నంతసేపూ కంట్లో ఒక పదార్థం విడిపోతూ ఉంటుంది, ఒళ్లు దాన్ని మళ్లీ కూడగడుతూ ఉంటుంది. అందుకు కావలసిన సరుకు తిండిలోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ రాదు. ఆ సరుకే విటమిన్ ఎ.

కంటి లోపల వెనకగోడకి పరుచుకుని ఉండే పొర రెటీనా. పదో తరగతిలో బొమ్మ గీశావు, గుర్తుండే ఉంటుంది. అందులో వెలుతురుని పట్టుకునే కణాలు రెండు రకాలు. శంకు కణాలు సుమారు 60 లక్షలు. పగటి చూపు, రంగుల చూపు వీటి పని. దండ కణాలు సుమారు 12 కోట్లు. మసక వెలుతురులో, వెన్నెల్లో, కిరోసిన్ బుడ్డి పక్కన మనల్ని నడిపించేవి ఇవే. ఒక్కొక్క దండ కణంలో దొంతర పెట్టిన వెయ్యి దాకా పలచటి బిళ్లలు ఉంటాయి. ఆ బిళ్లల నిండా రొడాప్సిన్ అనే ఎరుపు ఊదా కలిసిన రంగు పదార్థం. ఒక్క కణంలోనే దాదాపు పది కోట్ల రొడాప్సిన్ అణువులు ఉంటాయంటే ప్రకృతి మన రాత్రి చూపు మీద ఎంత ఖర్చు పెట్టిందో చూడు.

రొడాప్సిన్‌లో రెండు భాగాలున్నాయి. ఒకటి ఆప్సిన్ అనే ప్రోటీన్. రెండోది ఆ ప్రోటీన్ మధ్యలో ఇమిడి కూర్చున్న రెటినల్ అనే చిన్న అణువు. ఆప్సిన్‌ని ఒళ్లు తనంతట తాను తయారు చేసుకుంటుంది. రెటినల్‌ని మాత్రం విటమిన్ ఎ నుంచే చేసుకోవాలి. విటమిన్ ఎ ని గానీ, దానికి మూలమైన కెరోటిన్‌ని గానీ పుట్టించే శక్తి మనిషి ఒంటికి లేదు. కెరోటిన్‌ని పుట్టించే శక్తి ఆకుపచ్చని మొక్కకి ఉంది. మొక్కని తిన్న ఆవుకీ కోడికీ చేపకీ అది విటమిన్ ఎ గా మారి వాటి కాలేయంలో, పాలల్లో, గుడ్డులో నిలవ ఉంటుంది. మనం వాటినైనా తినాలి, మొక్కనైనా తినాలి.

ఇప్పుడు అసలు కిటుకు. చీకట్లో ఉన్నప్పుడు ఆప్సిన్ లోపలి రెటినల్ వంగి ఉంటుంది. ఎలుకల బోనులో తీగని బిగబట్టి కొక్కేనికి తగిలించి పెడతాం చూడు, అలా. వెలుతురు వచ్చి తగలగానే కొక్కెం ఊడినట్టు ఆ వంపు విచ్చుకుని రెటినల్ నిటారుగా సాగిపోతుంది. సెకనుని లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం సమయం కూడా పట్టదు దీనికి. చూపులో వెలుతురు స్వయంగా చేసే పని ఇదొక్కటే. ఆ తర్వాత జరిగేదంతా ఆ చిన్న కదలిక వెనక వచ్చే గొలుసు. ఆప్సిన్ ఆకారం మారుతుంది, అది పక్కనున్న ప్రోటీన్లని వందల సంఖ్యలో మేల్కొల్పుతుంది, కణం పైపొరలో తెరిచి ఉన్న దారులు మూసుకుంటాయి, మెదడుకి కబురు వెళుతుంది. దండ కణం ఎంత సున్నితమైనదంటే వెలుతురులోని అతి చిన్న రేణువు, ఒకే ఒక్క ఫోటాన్, తగిలినా అది స్పందిస్తుంది. 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు లెక్కగట్టి, ఐదు నుంచి ఏడు ఫోటాన్లని దండ కణాలు పట్టుకుంటే చాలు, మనిషికి "ఏదో మెరిసింది" అని తెలుస్తుందని తేల్చారు.

బోను ఒకసారి పడ్డాక దాన్ని మళ్లీ ఎవరో బిగించి పెట్టాలి కదా. ఇక్కడా అంతే. సాగిపోయిన రెటినల్ ఆప్సిన్‌ని వదిలేసి, రెటీనా వెనకనున్న నల్లటి పొరలోకి వెళుతుంది. ఆర్‌పీఈ65 అనే ఎంజైమ్ దాన్ని అక్కడ మళ్లీ వంచుతుంది. వంగిన రెటినల్ తిరిగి దండ కణంలోకి వచ్చి ఆప్సిన్‌లో కూర్చుంటుంది. ఈ రాకపోకల్లో కొంత వృథా అవుతూనే ఉంటుంది, ఆ లోటుని రక్తంలోంచి వచ్చే విటమిన్ ఎ పూడ్చాలి. పైగా దండ కణం తన బిళ్లల్లో దాదాపు పదో వంతు రోజూ కొసన రాల్చేసి, మొదట్లో కొత్తవి వేసుకుంటుంది. పది రోజులు తిరిగేసరికి దొంతరంతా కొత్తదే.

ఈ కూడగట్టే పనికి సమయం పడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి చీకటి గదిలోకి వస్తే కాసేపు ఏమీ కనబడదు. శంకు కణాలు పది నిమిషాల్లోపే తేరుకుంటాయి. దండ కణాలు పూర్తిగా తేరుకోవడానికి అరగంట నుంచి నలభై నిమిషాల దాకా పడుతుంది. రాత్రి కరెంటు పోయినప్పుడు డాబా మీదకెళ్లి, ఫోను వెలుగు చూడకుండా అరగంట కూర్చో. మొదట పది నక్షత్రాలు కనబడిన చోట ఆ తర్వాత వందలు కనబడతాయి. ఆకాశం అదే. నీ కంట్లో రొడాప్సిన్ పెరిగింది. అప్పుడు కృత్తికల వైపు సూటిగా చూడు, తర్వాత చూపు కాస్త పక్కకి జరిపి చూడు. పక్కచూపుకే ఎక్కువ చుక్కలు దొరుకుతాయి. సూటి చూపు పడే నట్టనడుమ దండ కణాలు లేవు, అక్కడంతా శంకువులే.

శంకువుల్లో ఉన్నదీ ఇదే రెటినల్. దాన్ని పట్టుకునే ఆప్సిన్లు మాత్రం మూడు రకాలు. ఒకటి నీలం వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు, ఒకటి ఎరుపు వైపు ఎక్కువ స్పందిస్తాయి. మనం చూసే రంగులన్నీ ఆ మూడింటి కలయికలే. పొద్దు గుంకాక పెరట్లో మందారపువ్వు నల్లబడిపోయి, దాని ఆకులు మాత్రం ఇంకా కాస్త తేటగా కనబడటం గమనించావా? ఆ వేళకి శంకువులు పని చాలించి దండ కణాలు అందుకుంటాయి, దండ కణాలకి ఎరుపు దాదాపు అందదు.

ఇదంతా ఎవరు కనిపెట్టారో కూడా కొంచెం చెబుతాను. మనుషుల పట్టుదల తెలిస్తే పాఠం మరిచిపోం. 1876లో రోమ్‌లో ఫ్రాంజ్ బోల్ అనే కుర్ర శాస్త్రవేత్త చీకట్లో ఉంచిన కప్ప రెటీనా ఎర్రగా ఉండటం, వెలుతురులో పెట్టగానే ఆ ఎరుపు పసుపుకి తిరిగి, ఆపైన వెలిసిపోవడం చూశాడు. చూపు వెనక ఒక రసాయనిక మార్పు ఉందని ఆ రంగు వెలవడమే చెప్పింది. పాపం, ముప్పై ఏళ్లకే పోయాడు. జర్మనీలోని హైడెల్బెర్గ్‌లో విల్హెల్మ్ క్యూనే ఆ పనిని అందుకున్నాడు. రెటీనాని వెనకనున్న నల్లపొర నుంచి విడదీస్తే వెలిసిన రంగు తిరిగి రావడం లేదనీ, మళ్లీ దాని మీద పరిస్తే రంగు తిరిగి వస్తోందనీ గమనించాడు. కుందేలుని ముందు చీకట్లో ఉంచి, తర్వాత దాని కన్ను కిటికీ వైపు తిప్పి ఉంచి, ఆ రెటీనాని పటిక నీళ్లలో పెడితే కిటికీ ఊచల ఆకారం దాని మీద అచ్చుపడి కనిపించింది.

విటమిన్ సంగతి ఇంకో వైపు నుంచి తేలింది. 1913లో అమెరికాలో మెకాలమ్, మార్గరీట్ డేవిస్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలకి పంది కొవ్వు పెడితే కొన్నాళ్లకి ఎదగడం మానేస్తున్నాయనీ, వెన్న కొవ్వో గుడ్డు పచ్చసొన కొవ్వో పెడితే ఎదుగుతున్నాయనీ చూపించారు. ఆ కొవ్వులో దాగి ఉన్నదే తర్వాత విటమిన్ ఎ అయింది. కంటికీ దానికీ ముడి వేసినవాడు జార్జ్ వాల్డ్. 1933లో బెర్లిన్‌లో ఉండగా రెటీనాలో విటమిన్ ఎ ఉందని కనిపెట్టాడు. ఆయన యూదుడు. అదే ఏడు హిట్లర్ అధికారంలోకి రావడంతో జర్మనీ విడిచి రావాల్సి వచ్చింది. అయినా పని ఆపలేదు. 1967లో ఆయనకి నోబెల్ వచ్చింది. రెటినల్ వంగి ఉంటుందనీ, వెలుతురు దాన్ని సాగదీస్తుందనీ తేల్చిన పనిలో రూత్ హబ్బర్డ్ చెయ్యి చాలా పెద్దది. హార్వర్డ్ జీవశాస్త్ర విభాగంలో శాశ్వత ఆచార్య పదవి అందుకున్న మొదటి స్త్రీ ఆవిడ. ఆవిడ పేరు నా విద్యార్థినులకి ప్రతిసారీ చెప్పేదాన్ని, నీకూ చెబుతున్నాను.

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. విటమిన్ ఎ తక్కువైతే ముందు దెబ్బతినేది రాత్రి చూపు. కాలేయంలో నిలవ ఉన్నంతకాలం బయటికి ఏమీ తెలియదు. నిలవ అడుగంటాక రొడాప్సిన్ నిండటం తగ్గుతుంది. పగలు చక్కగా ఆడుకునే పిల్ల చీకటి పడేసరికి ఒకచోట కూలబడిపోతుంది. గడప తట్టుకుని పడుతుంది. కంచంలో అన్నం ఎక్కడుందో చేత్తో తడుముతుంది. మిగతా పిల్లలు వీధిలో పరిగెడుతుంటే తల్లి కొంగు వదలదు. రేచీకటి అంటే ఇదే. మూడేళ్ల పిల్ల "నాకు కనబడట్లేదు" అని చెప్పదమ్మా. అందరికీ ఇలాగే ఉంటుందనుకుంటుంది. పిరికిదని, మొండిదని పెద్దవాళ్లు కసురుకుంటారు. కాబట్టి తల్లిని నువ్వు అడగాల్సిన ప్రశ్న, "పిల్లకి కళ్లు బాగున్నాయా?" అని కాదు. "దీపాలు పెట్టే వేళకి ఆడుకుంటుందా, కూర్చుండిపోతుందా?" అని అడుగు.

తర్వాతి మెట్టులో కంటి తెల్లగుడ్డు తడి ఆరిపోయి మెరుపు తగ్గుతుంది. నల్లగుడ్డు పక్కన, ఎక్కువగా చెవి వైపు, నురగ పట్టినట్టు బూడిద రంగు మచ్చ కనిపిస్తుంది. దాన్ని బిటాట్ మచ్చ అంటారు, 1863లో దాన్ని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడి పేరు మీద. అది కనిపిస్తే ఆ రోజే పీహెచ్‌సీకి పంపించు, రేపటికి వాయిదా వేయకు. ఆ మెట్టు కూడా దాటితే నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే కార్నియా పొడిబారి, మెత్తబడి, కరిగిపోతుంది. గంటల్లో, రోజుల్లో జరిగిపోతుంది అది. అలా కరిగిన కంటికి ఇక ఏ విటమిన్ ఇచ్చినా చూపు రాదు. తట్టు పోసి తగ్గిన పిల్లలు, విరేచనాలతో నీరసించిన పిల్లలు, ఎముకల గూడుగా మారిన పిల్లలు, వీళ్లలోనే ఇది ఎక్కువ. జ్వరం, విరేచనాలు ఉన్న నిలవని తోడేస్తాయి. తట్టు అయితే కంటి మీదే నేరుగా దాడి చేస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి కళ్లని చూశాను. రేచీకటితో వచ్చిన పిల్లకి మందు పోస్తే రెండు రోజుల్లో సాయంత్రం వార్డులో మంచాల మధ్య తిరగడం మొదలుపెట్టేది. ఆ పక్క మంచం మీదే కార్నియా కరిగిన పిల్లవాడు ఉండేవాడు. ఇద్దరికీ ఒకటే జబ్బు, కొన్ని వారాల తేడా. ఆ తేడాని ఊళ్లో ఎవరైనా కనిపెట్టి ఉండాల్సింది. అప్పట్లో ఊళ్లో కనిపెట్టేవాళ్లు లేరు. ఇప్పుడు నువ్వున్నావు.

ఈ కథలో మన హైదరాబాద్‌కి పెద్ద చోటు ఉంది, నీకు తెలియాలి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. సి. గోపాలన్ నాయకత్వంలో అక్కడి శాస్త్రజ్ఞులు పిల్లల్లో విటమిన్ ఎ లోపాన్ని లోతుగా పరిశోధించారు. పెద్ద మోతాదు ఒకసారి నోట్లో పోస్తే కాలేయం దాన్ని దాచుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుందన్న ఆధారం మీద, 1970లో దేశమంతటా పిల్లలకి విటమిన్ ఎ ఇచ్చే కార్యక్రమం మొదలైంది. అదే ఇవాళ నీ దగ్గరికి వచ్చే సీసా. అయితే గోపాలన్ గారు సిరప్‌నే శాశ్వత పరిష్కారంగా ఎన్నడూ చూడలేదు. జవాబు కంచంలోనే ఉందని పట్టుబట్టారు. నేనూ ఆ మాటకే కట్టుబడతాను. సిరప్ అవసరం, కానీ అది ఆర్నెల్లకోసారి వస్తుంది. అన్నం రోజూ తింటాం.

మీ ఊళ్లో డబ్బు పెట్టి కొననవసరం లేని మునగాకు ఉంది. తోటకూర, బచ్చలి, గోంగూర, మెంతికూర, పొన్నగంటికూర, అవిసాకు ఉన్నాయి. ఆకు ఎంత ముదురు ఆకుపచ్చగా ఉంటే అంత కెరోటిన్ ఉంటుంది. ఆకుపచ్చదనం చాటున ఆ పసుపు కనిపించదు, అంతే. వేసవిలో పండిన మామిడి, ఏడాది పొడుగునా బొప్పాయి, మంచి గుమ్మడికాయ. క్యారట్ దొరికితే సరే, దొరక్కపోతే బెంగ పడకు. మునగచెట్టు వాకిట్లో పెట్టుకుని పిల్లకి క్యారట్ కొనలేకపోయానని బాధపడే తల్లులు ఉన్నారు, వాళ్ల భుజం తట్టి ఆ చెట్టు చూపించు. పాలు, నెయ్యి, గుడ్డు పచ్చసొన, చేప, కార్జం తినేవాళ్లకి తయారైన విటమిన్ ఎ నేరుగా అందుతుంది. ఆకుల్లోని కెరోటిన్‌ని మాత్రం ఒళ్లు మార్చుకోవాలి, ఆ మార్పులో చాలా భాగం జారిపోతుంది. అందుకే ఆకుకూర వారానికి ఒకసారి కాదు, రోజూ ఉండాలి.

వంటలో ఒక సంగతి చెప్పు తల్లులకి. కెరోటిన్ కొవ్వులో కరుగుతుంది. ఉడికించిన ఆకుకూరని నూనె చుక్క లేకుండా పెడితే అది చాలావరకు వచ్చిన దారినే పోతుంది. పిల్ల పప్పుకూరలో ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టమను, అన్నంలో కాస్త నెయ్యి వేయమను. ఆకుని ఎండలో ఎండబెట్టవద్దు. మునగాకు పొడి చేసుకోవాలంటే నీడలో ఆరబెట్టాలి. మూత పెట్టి కొద్దిసేపే ఉడికించాలి. నూనె కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్లస్ గుర్తు పక్కన ఎఫ్ అక్షరం ఉంటే అందులో విటమిన్ ఎ, డి కలిపారని అర్థం. విడి నూనెలో ఆ భరోసా లేదు.

పప్పు, గుడ్డు ఎందుకు తప్పనిసరో కూడా చెబుతాను. కాలేయంలో విటమిన్ నిలవ ఉన్నా, దాన్ని రక్తంలో మోసుకుని కంటి దాకా తీసుకెళ్లడానికి ఒక ప్రోటీన్ కావాలి. తిండి చాలక చిక్కిపోయిన పిల్ల ఒంట్లో ఆ ప్రోటీన్ తగ్గిపోతుంది. సరుకు గోదాములో ఉంటుంది, కంటికి మాత్రం చేరదు. కేంద్రంలో పెట్టే గుడ్డుని పిల్ల అక్కడే నీ కళ్ల ముందు తినేలా చూడు. ఏలిక పాములు ఉంటే విటమిన్ కొంత పేగుల్లోనే పోతుంది, అందుకే నులిపురుగుల మాత్ర రోజున ఏ పిల్లా తప్పిపోకూడదు.

అన్నిటికంటే ముందు ముర్రుపాలు. పుట్టిన బిడ్డ కాలేయంలో విటమిన్ ఎ చాలా కొంచెమే ఉంటుంది. మొదటి రోజుల్లో వచ్చే ఆ చిక్కటి పసుపు పాలల్లో అది సమృద్ధిగా ఉంటుంది, ఆ పసుపు కెరోటిన్ రంగే. "చెడ్డపాలు" అని పిండి పారబోసే ఇల్లు ఇప్పటికీ ఉండవచ్చు. గట్టిగా చెప్పు. అత్తగారికి కోపం వస్తే రానీ, నెమ్మదిగా కూర్చోబెట్టి ఆ రంగు ఎందుకొచ్చిందో చెబితే ఆవిడే అర్థం చేసుకుంటుంది.

సిరప్ లెక్క సులువే. తొమ్మిది నెలలకి తట్టు టీకాతో పాటు ఒక మిల్లీలీటరు, అంటే లక్ష యూనిట్లు. పదహారు పద్దెనిమిది నెలలప్పుడు రెండు మిల్లీలీటర్లు, అంటే రెండు లక్షలు. అక్కణ్ణుంచి ఐదేళ్లు నిండేదాకా ఆర్నెల్లకోసారి అంతే. మొత్తం తొమ్మిది మోతాదులు. సీసాతో వచ్చే గీతల చెంచాతోనే కొలవాలి, ఇంట్లో చెంచాతో కాదు. సీసాని ఎండ తగిలేచోట పెట్టకూడదు, వెలుతురుని పట్టుకునే పదార్థాన్ని ఇచ్చే మందు వెలుతురుకే పాడవుతుంది. మందు పోశాక కొందరు పిల్లలకి ఒకటి రెండు వాంతులు, తలనొప్పి రావచ్చు. ఒక రోజులో సర్దుకుంటుంది. ఈ మాట తల్లికి ముందే చెప్పకపోతే వచ్చే విడత ఆ పిల్ల రాదు.

ఇది మంచిదని ఎక్కువ పోయడం మాత్రం ఎన్నటికీ వద్దు. మిగిలింది మూత్రంలో పోయే విటమిన్ కాదిది, కాలేయంలో పేరుకుంటుంది. 1597లో ఉత్తర ధ్రువ సముద్రంలో చిక్కుకుపోయిన బారెంట్స్ ఓడ నావికులు ధ్రువపు ఎలుగుబంటి కార్జం తిని తీవ్రంగా జబ్బుపడ్డారు, ముగ్గురికి తల నుంచి కాళ్ల దాకా చర్మం ఊడి వచ్చింది. ఆ కార్జంలో విటమిన్ ఎ అంత విపరీతంగా ఉంటుంది. కాబట్టి కార్డు చూడకుండా ఒక్క చెంచా కూడా పోయనివ్వకు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అమ్మమ్మ ఇంటికొచ్చిన పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త.

గర్భిణులకి ఆ సిరప్ ముట్టనివ్వకూడదు. తొలి నెలల్లో ఎక్కువ మోతాదు పడితే బిడ్డ అవయవాలు సరిగ్గా ఏర్పడవు. మొటిమలకి వాడే ఐసోట్రెటినాయిన్ మాత్రలు కూడా విటమిన్ ఎ కుటుంబానివే, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా వాటి జోలికి పోకూడదు. నెలలు నిండుతున్న గర్భిణికి రేచీకటి వచ్చిందంటే డాక్టరు దగ్గరికి పంపు, వాళ్లు చిన్న మోతాదులో సరిచేస్తారు. ఆకుకూరలు, పండ్లు ఎంత తిన్నా భయం లేదు. మరీ ఎక్కువ గుమ్మడో బొప్పాయో తిన్న పిల్ల అరచేతులు పసుపెక్కవచ్చు. కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉందంటే అది కామెర్లు కాదు, కెరోటిన్ రంగు. తిండి మార్చగానే పోతుంది.

విటమిన్ ఎ తింటే కళ్లద్దాలు పోతాయని ఎవరైనా చెబితే నమ్మకు, ఎవరికీ చెప్పకు. అద్దాలు కావలసి రావడం కంటి కొలతల్లోని తేడా వల్ల. బోర్డు కనిపించని పిల్లకి కావలసింది కంటి పరీక్ష, మునగాకు కాదు.

చివరిగా, పెద్దవాళ్లలో కనిపించే రేచీకటి గురించి. ఊళ్లో చిన్నప్పటి నుంచీ రాత్రి చూపు సరిగా లేని మనిషి ఒకరో ఇద్దరో ఉంటారు. సాయంత్రం దాటితే ఇల్లు కదలరు, పక్క నుంచి వచ్చే సైకిలు కూడా కనిపించదు. చాలాసార్లు అది రెటినైటిస్ పిగ్మెంటోసా. వెలుతురుని పట్టే కణాలే ఒక్కటొక్కటిగా నశించిపోయే వంశపారంపర్య జబ్బు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వాళ్లు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదివేల మందికి పైగా పరీక్షించిన అధ్యయనంలో చూపు పోవడానికి కారణాల్లో ఈ జబ్బు కూడా కనిపించింది. మేనరికాలు ఎక్కువగా చేసుకునే మనవంటి చోట ఇలాంటి జబ్బులు బయటపడే అవకాశం ఎక్కువ. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే లోపం వచ్చి బిడ్డలో కలుస్తుంది. దీనికి సిరప్ పని చేయదు. ఆ మనిషికి నీ సీసాలోంచి పోసి మోసపుచ్చకు, కంటి ఆస్పత్రికి పంపు. కొన్ని రకాలకి దారి తెరుచుకుంటోంది. పైన చెప్పిన రెటినల్‌ని వంచే ఎంజైమ్ జన్యువు దెబ్బతిన్నవాళ్లకి, మంచి జన్యువుని కంట్లోకి ఎక్కించే చికిత్సకి 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ జబ్బు ఉన్న ఇంట్లో ఈడొచ్చిన ఆడపిల్ల ఉండి, మేనమామతోనో బావతోనో సంబంధం అనుకుంటుంటే, ఆ జబ్బు ఊసు వాళ్లకి ముందే చెప్పడం నీ బాధ్యత. ఎదురు మాట పడాల్సి వస్తుంది, పడు. ఆ పిల్ల కడుపున పుట్టబోయే బిడ్డ తరఫున మాట్లాడేవాళ్లు అప్పుడు ఇంకెవరూ ఉండరు.

ఈ నెల గ్రామ ఆరోగ్య పోషణ దినం ఎప్పుడో కనుక్కుని, ఐదేళ్లలోపు పిల్లల కార్డులన్నీ ఒకసారి ముందేసుకో. తొమ్మిది నెలల గడి ఖాళీగా ఉన్నవాళ్ల పేర్లు ముందు రాసుకో, తర్వాత ఈ ఏడాది తట్టు పోసినవాళ్లవి, తర్వాత బరువు తక్కువ ఉన్నవాళ్లవి. వాళ్ల ఇళ్లకి పొద్దున్న కాకుండా దీపాలు పెట్టే వేళకి వెళ్లు. నీతో పాటు ఆశా కార్యకర్తని తీసుకెళ్లు. ఆ పేర్ల కాగితం ఫోటో తీసి నాకు పంపు, ఎవరిని ముందు పీహెచ్‌సీకి పంపాలో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ